యా దోవన పోయేది

"అక్కా, యా దోవన పోయేది?" అని అడిగాడు లోకేష్. ఊరి చివర బైపాస్ దగ్గర బైకు ఆపుకుని నిలబడి ఉన్నాడు నా తమ్ముడు, ఫోన్‌లో వాడి గొంతు కంటే వాన చప్పుడే ఎక్కువ వినబడుతోంది, నేరుగా పోతే హైవే, ఎడమకు తిరిగితే పెనుమూరు దోవ, రెండూ చిత్తూరుకే పోతాయి, రెండింటిలో ఏదో ఒకదాని మీద నా మొగుడు మునికుమార్ ఉన్నాడు, చిత్తూరు నుంచి తిరుపతికి వస్తూ, లేదా రాలేకపోతూ. మధ్యాహ్నం బయల్దేరిన మనిషి సాయంత్రమైనా రాలేదు, ఫోన్ స్విచాఫ్, ఆ మాట చెప్పే ఆడగొంతుకు ఎంత ఓపికో, ఎన్నిసార్లు చేసినా అదే మర్యాద, దాని గొంతు పిసికేయాలని ఉంది నాకు. ఒక్కడే తమ్ముడు, ఒకటే బైకు, ఒక దోవనే పోగలడు. పోలీసులు ఏ క్షణాన అడ్డం పెడతారో తెలియదు, పెడితే ఇంక ఏ దోవా లేదు. ఒక్క నిమిషం ఆగరా, ఆలోచించుకోనీ అన్నాను. ఆలోచించేదానికి ఏముండాదక్కా, నువ్వు చదివిందే అది గదా అన్నాడు వాడు, ఎగతాళికి కాదు, నిజంగానే నమ్మి.

అవును, నేను చదివింది అదే. రోజూ ఒకే చోటికి బండి నడిపే మనిషి దారి ఎట్లా ఎంచుకుంటాడు, ఎట్లా నేర్చుకుంటాడు, ఎప్పుడు మారతాడు. కాలేజీలో నేను చెప్పే పాఠం అదే, నా పరిశోధన అదే, పేరు ముందు డాక్టర్ అని వచ్చింది దానివల్లే, మా కోడలు దోవన పోయేవాళ్ళ మీద పుస్తకం రాసింది అని మా అత్త వాళ్ళ ఊళ్ళో చెప్పుకునేదీ దాని గురించే. చెప్పాలంటే చిన్న సంగతి. ప్రతి మనిషి బుర్రలో ఒక్కో దారికి ఒక అంచనా ఉంటుంది, ఇది ఇంతసేపు, అది అంతసేపు అని. ఈరోజు పడ్డ అవస్థ ఆ అంచనాను కొంచెం జరుపుతుంది, రేపటిది ఇంకొంచెం. ఎంత జరుపుతుందన్నదే మనిషికీ మనిషికీ తేడా. కొందరు మొండిఘటాలు, ఎన్ని దెబ్బలు తిన్నా పాత దారినే పోతారు. కొందరికి నిన్న ఒక్కటే ఉంటుంది, మొన్న ఉండదు. మునికుమార్ రెండో రకం. నేను లెక్కకట్టిన మొట్టమొదటి డ్రైవరు ఆయనే, పెళ్ళైన కొత్తలో నెలల తరబడి ఆయన రాకపోకలన్నీ ఫోన్‌లో పట్టి బొమ్మలు గీశాను, చివరికి నీ పరీక్షకు ఎలుకను నేనా అని నవ్వి, సరే కానీ, ఎలుకకు కాఫీ అన్నా పొయ్ అన్నాడు. ఎలుకలాగానే దొరికిపోయాడు కూడా. ఒక దారిలో ఒకరోజు ఇరుక్కుంటే చాలు, మరుసటి రోజు రెండో దారి పడతాడు, ఎప్పుడూ తప్పడు, నా గీత మీద ఆయన చుక్కలు వరసగా కూర్చుంటాయి, చూసి మురిసిపోయేదాన్ని, మొగుడు ఇంత బాగా లెక్కకు అందే ఆడది లోకంలో ఇంకెవరుంటారని.

నిన్న హైవే మీద టమాటా లారీ బోల్తా పడింది. చిత్తూరు దగ్గర మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో బాయిలర్లు చూసే ఇంజనీరు ఆయన, కాయల కాలంలో ఇంటికి రావడానికే తీరదు, ఈ కార్తీకం వానల్లో మిషన్లు విప్పి బిగించే పని తప్ప ఏమీ ఉండదు గనక పొద్దుండగానే వచ్చేస్తాడు, అట్లాంటిది నిన్న బాగా ఆలస్యమై, చొక్కా తడిసి, ఆకలికి మొహం పీక్కుపోయి వచ్చాడు. అన్నం ముందు కూర్చుని ఇంక ఆ హైవే మొగం సూసేది లేదు అన్నాడు. నేను నవ్వాను. ఎందుకు నవ్వుతావే అంటే, రేపు నువ్వు పెనుమూరు దోవన పోతావని నాకు ముందే తెలుసు గనక అన్నాను. అంతే, ఇంకేం లేదు, కంచం తీసి కడిగాను, పడుకున్నాం. ఇప్పుడు లోకేష్ అడిగితే లెక్క పెనుమూరు దోవ అంటోంది, అనుమానం లేకుండా అంటోంది. పెనుమూరు దోవలోనే వంక పొంగి చప్టా మీద నుంచి కారు కొట్టుకుపోయింది.

మా వీధి ఆడవాళ్ళ గ్రూపులో వచ్చింది ఆ వీడియో. ఎవరో చెట్టు చాటున నిలబడి తీసినట్టున్నారు, వంతెన లేని చోటు, నీళ్ళు సిమెంటు చప్టా మీదుగా పారిపోతాయిలే అని వదిలేసిన చోటు, ఈరోజు చప్టా కనబడడం లేదు, ఎర్రటి నీళ్ళే, ఆ నీళ్ళలో పక్కకు ఒరిగి పోతున్న తెల్లకారు, పోయె పోయె అని ఎవరిదో అరుపు, అంతటితో అయిపోతుంది. కింద జాగ్రత్త అని రాసి ఒక దండం బొమ్మ పెట్టారు. నంబరు కనబడదు. వేళ్ళతో పెద్దది చేసి చూశాను, నంబరు పలక ఉండాల్సిన చోట నీళ్ళు, ఇంకా పెద్దది చేస్తే గళ్ళు గళ్ళు. మాదీ తెల్లకారే. ఈ జిల్లాలో ఎండకు భయపడి అందరూ తెల్లకారే కొంటారు, ఎవరి కారైనా కావచ్చు, నిన్న హైవేలో ఇరుక్కున్నవాళ్ళందరూ నా మొగుడి మాదిరే ఒట్టు పెట్టుకుని ఈరోజు పెనుమూరు దోవ పట్టి ఉంటారు, అది కూడా నా లెక్కలోదే, అందరూ ఒకే పాఠం నేర్చుకుంటే అందరూ ఒకే దారిలో వచ్చి పడతారు, ఆ చిన్న రోడ్డు మీద ఈరోజు ఎన్ని తెల్లకార్లో. వాళ్ళలో ఎవరో ఒకరు. ఎవరన్నా కానీ, ఆయన కాకపోతే చాలు. ఇట్లా అనుకుంటున్నాను నేను, ఇంకెవరి ఇంట్లోనో ఇంకో ఆడది ఇదే వీడియోను ఇట్లాగే పెద్దది చేసి చూస్తూ ఉంటుంది, ఆ కారులో ఉన్నది తన మొగుడు కాక నా మొగుడైతే బాగుండునని అనుకుంటూ ఉంటుంది, ఆమె మీద నాకు జాలి లేదు, ఆమెకు నా మీద ఉండక్కర్లేదు.

వంటింట్లో మా అత్త కుప్పమ్మ అనపగింజలు పితుకుతోంది. నానబెట్టిన గింజను రెండు వేళ్ళ మధ్య పట్టి నొక్కితే పొట్టు చేతిలో ఉండిపోయి పప్పు గిన్నెలోకి దూకుతుంది, ఆ చప్పుడు నేను నిలబడ్డ ముందుగది కిటికీ దాకా వినబడుతోంది, టప్పుమని ఒకటి, కాసేపాగి ఇంకొకటి. కరెంటు పోయింది గనక టీవీ లేదు, టీవీ లేదు గనక ఆమెకు ఏమీ తెలియదు, నేను చెప్పలేదు. పితికిపప్పు కొడుక్కు ఇష్టం. బయల్దేరేటప్పుడు ఫోన్‌లో మాట పంపాడు, నేను అప్పుడు క్లాసులో ఉన్నాను, బయల్దేరినా, పితికిపప్పు సేయమను అమ్మను, అంతే. ఆ రెండు ముక్కలను ఎన్నిసార్లు విన్నానో, ఆయన మాట కోసం కాదు, మాట వెనక ఏముందో అని. హైవే అయితే లారీల హోరు ఉండాలి, పెనుమూరు దోవ అయితే ఆ నిశ్శబ్దం వేరు. వైపరు అటూ ఇటూ కొట్టుకునే చప్పుడు తప్ప ఏమీ లేదు. ఇంకా ఫ్యాక్టరీ గేటు దగ్గరే ఉండి మాట్లాడాడేమో. దారి పేరు ఒక్కటి చెప్తే నోరు అరిగిపోతుందా ఈ మనిషికి, పప్పు గుర్తుంది గానీ.

పొద్దున అడిగి ఉండొచ్చు కదా అంటారు ఎవరైనా. మా ఇంట్లో అడగరు. బయటికి పోయే మనిషిని ఎక్కడికి అని అడిగితే పని చెడుతుంది, అడగక తప్పకపోతే దూరమా అని అడగాలి, అది మా అత్త పెట్టిన చట్టమేం కాదు, ఈ జిల్లా అంతా అదే. నా పరిశోధన మొదటి రోజే ఆ చట్టం చేతిలో దెబ్బతింది. పొద్దున్నే పెట్రోలు బంకుల దగ్గర మా కాలేజీ పిల్లలను నిలబెట్టి, ఎక్కడికి పోతున్నారండీ, ఏ దారిలో పోతున్నారండీ అని అడగమన్నాను. పాకాల పక్కనుంచి జీపులో వచ్చిన చిన్నబ్బ అని ఒకాయన, పిల్ల అలా అడగ్గానే ఇంజను ఆపేసి, దిగి, బంకులో బెంచీ మీద కూర్చుని, నీళ్ళు తెప్పించుకుని తాగి, పోయే నోట్లో మన్ను గొడితివి గదమ్మా అని కాసేపు తిట్టి, దోషం పోయిందని నమ్మకం కుదిరాక మళ్ళీ బండెక్కాడు. ఆ రోజు ఒక్కరూ సరిగ్గా జవాబు చెప్పలేదు. మా సౌందరరాజన్ సారు, కాలేజీలో నా పై ఆయన, పెద్ద నామం, చిన్న నవ్వు, విని విని చివరికి, సాయంత్రం అడగమ్మా, వచ్చేటప్పుడు అడిగితే ఎవరికీ తప్పు లేదు అన్నాడు. అట్లాగే చేశాం. సాయంత్రాలు ఇళ్ళ దగ్గర, బంకుల దగ్గర, ఏ దారిలో వచ్చారు అని. బంగారంలాంటి జవాబులు, కాఫీలు ఇచ్చి మరీ చెప్పారు. ఆ జవాబుల మీదే నా లెక్క అంతా నిలబడి ఉంది. ఇన్నేళ్ళూ నాకు తట్టని సంగతి ఈ కిటికీ దగ్గర ఇప్పుడు తట్టింది, నాకు జవాబు చెప్పినవాళ్ళందరూ ఇంటికి వచ్చినవాళ్ళు. రానివాడు ఏ దారిలో పోయాడో నా దగ్గర లేదు. నా చదువులో ఒక్కడు కూడా దారిలో ఉండిపోలేదు.

"అక్కా, ఉండావా?" అన్నాడు లోకేష్.

ఉన్నాను. నాయన గుర్తొస్తున్నాడు, ఎందుకో. నాయన ఆర్టీసీలో డ్రైవరు, పలమనేరు బస్సు తోలేవాడు, ఎన్నుకునే పని లేని మనిషి. దోవ నాది కాదు, డిపోది అనేవాడు. వరద వస్తే డిపోవాళ్ళు ఆపమంటే ఆపేవాడు, పొమ్మంటే పోయేవాడు, ఎన్ని గంటలు ఆలస్యమైనా అమ్మ నిశ్చింతగా ఉండేది, బస్సు ఎక్కడుంటే నాయన అక్కడుంటాడు, ఆ బస్సు ఏ రోడ్డు మీద ఉందో ఊరందరికీ తెలుసు. ఆయన్ను చూసే నాకు ఈ చదువు మీద మనసు పుట్టింది, ఒకే దారిలో పోయే మనిషిని రోజూ చూసి, రెండు దారులున్న మనిషి ఏం చేస్తాడో తెలుసుకోవాలని. తెలుసుకున్నాను. ఏం ఒరిగింది. ఈయన రెండు దారులున్న మనిషి, దేని మీద ఉన్నాడో ఎవరికీ తెలియదు. పోయినేడాది వానలకు కూడా ఆ వంక పొంగింది, ఆయనే చెప్పాడు, గొర్రెలు కొట్టుకుపోయాయని చెప్పి ఆ రాత్రి సరిగా తినలేదు. ఆ సంగతి ఆయనకు తెలుసు. తెలుసు గానీ, నిన్నటి టమాటా లారీ ముందు పోయినేటి వంక ఎంత, ఆయన తల ఎట్లా పని చేస్తుందో నాకంటే ఎవరికి తెలుసు, నేనే కదా ఆ తలకు ఒక అంకె కట్టింది, పాతవన్నీ కరిగిపోయి నిన్న ఒక్కటే గట్టిగా మిగిలే అంకె. ఆ అంకె తప్పు కావాలి. దేవుడా, ఒక్కరోజుకు తప్పు కానీ. హైవే అని చెప్పేస్తాను. హైవే అంటే నోటికి హాయిగా ఉంది, హైవే మీద ఎక్కడో నీళ్ళు నిలిచి బండ్లు ఆగిపోయి ఉంటాయి, చార్జింగ్ అయిపోయి ఉంటుంది, ఎప్పుడూ అయిపోతుంది కదా, పక్కవాడితో రాజకీయాలు మాట్లాడుతూ టీ తాగుతూ ఉంటాడు. లోకేష్ పోతాడు, బావను చూస్తాడు, ఫోన్ ఇస్తాడు, నేను నోటికొచ్చినట్టు తిడతాను. ఎంత బాగుంటుంది ఆ తిట్టడం.

కానీ టీ తాగేవాడికి లోకేష్ ఎందుకు? ఆ మాట తట్టేసరికి కిటికీ ఊచ పట్టుకున్నాను. హైవే మీద ఉంటే ఆయనకు ఎవరూ అక్కర్లేదు, ఈరోజు కాకపోతే రేపు పొద్దునకు వస్తాడు. ఎవరైనా కావాల్సింది వంక దగ్గర ఉంటేనే. ఆయన ఏ దారిలో పోయాడన్నది కాదు వాడు అడిగింది, యా దోవన పోయేది అన్నాడు, వాడు ఏ దోవన పోవాలి అని. దానికి లెక్క అక్కర్లేదు, ఇంత చదువూ అక్కర్లేదు, కళ్ళు తెరిస్తే కనబడుతుంది, నేనే ఇంతసేపూ మూసుకుని ఉన్నాను. చెప్పాలి. చెప్తే ఆయన్ను నా చేత్తో ఆ నీళ్ళలో పెట్టినట్టే ఉంది, చెప్పకపోతే ఆ నీళ్ళలో ఒంటరిగా వదిలేసినట్టు.

"పెనుమూరు దోవన పో" అన్నాను. వాడూ వీడియో చూశాడు. సరే అక్కా, భయపడకు, అని పెట్టేశాడు.

భయపడకు అంట. నాకు భయం తప్ప ఏమీ లేదు, తల నుంచి కాలి వరకూ భయమే, ఎవరైనా ముట్టుకుంటే పగిలిపోతాను. చప్టా ఊరికి మరీ దూరం కాదు, బైకు మీద వానలో ఎంతసేపు పడుతుంది, దానికీ నా దగ్గర ఒక లెక్క ఉంది, వేయబుద్ధి కాలేదు. వాన కాసేపు తగ్గినట్టే తగ్గి మళ్ళీ పట్టుకుంది. ఎదురింటి జయంతి గొడుగేసుకుని గేటు దాకా వచ్చి, అన్న వచ్చినాడా అని అడిగింది, వస్తా ఉండాడు అని చెప్పాను, అబద్ధం చెప్పినట్టు అనిపించలేదు. ఏ కారు లైటు వీధి మలుపులో పడినా గడప దాకా పోయి వస్తున్నాను, మలుపు తిరిగి ఇంకెవరి ఇంటికో పోయే ఆ కార్ల మీద కోపం, ఇంటికి చేరే ప్రతి మొగుడి మీదా కోపం. మా పెళ్ళైన వారానికి ఆయన నన్ను మోటారుసైకిల్ మీద పెనుమూరు దోవనే తీసుకొచ్చాడు, మామిడి తోటలు చూపిస్తానని, పూత కాలం, గాలంతా అదో రకం వాసన, ఎందుకు ఈ చుట్టుదారి అంటే, తొందరగా ఇల్లు చేరి ఏం చేస్తాం అన్నాడు. ఆ ఒక్క ప్రయాణం నా లెక్కలో ఎక్కడా లేదు. సమయం ఎక్కువ పట్టే దారిని మనిషి తెలిసి ఎందుకు పడతాడని పిల్లలు అడిగితే, అట్లాంటివి పక్కన పెట్టండి అని చెప్తాను. వంటింట్లో గింజలు టప్పు టప్పుమంటూనే ఉన్నాయి. మోహనా, ఉల్లిగడ్డలు తరగతావా అని అత్త కేకేసింది. వస్తున్నా అన్నాను, పోలేదు.

ఫోన్ మోగింది. లోకేష్. ముందు నీళ్ళ హోరు, మనుషుల కేకలు, తర్వాత వాడి ఊపిరి.

"కారు మనదే అక్కా."

కారు దిగువన తుమ్మచెట్లకు తట్టుకుని ఆగిందట. లోపల ఎవరూ లేరట. తలుపు తెరిచి ఉందట, నీళ్ళు తెరిచింది కాదు, లోపలినుంచి తీసిందే అని ఊళ్ళోవాళ్ళు అంటున్నారట. అంటే బయటికి వచ్చాడు, బయటికి వచ్చాడు, వచ్చి నీళ్ళలో పడ్డాడు. లోకేష్ ఏదో అడుగుతున్నాడు, రెండోసారి అడిగాక గానీ చెవికి ఎక్కలేదు.

"బావకు ఈతొచ్చునా అక్కా? ఈతొచ్చినోడైతే అడ్డంపడి కొట్టుకోని యాడో ఒకచోట గట్టు పట్టుకుంటాడంట. రానోడైతే నీళ్ళు సక్కగా చెరువులోకి తీసకపోతాయంట. ఉండేది ఒకటే తాడు, సీకటి పడతా ఉండాది. యా పక్క పోయేదని ఈళ్ళు అడగతా ఉండారు."

నాకు తెలియదు. ఏ రోజు ఏ దారిలో వస్తాడో తెలుసు, ఏ మలుపులో బండి నెమ్మది చేస్తాడో తెలుసు, ఎంత కోపం వస్తే ఎన్నాళ్ళు ఒక రోడ్డును వెలివేస్తాడో తెలుసు, ఈతొచ్చో రాదో తెలియదు. ఆయన్ను నీళ్ళలో ఎప్పుడు చూశాను? పులికాట్‌లో పడవ ఎక్కినప్పుడు మధ్య పలక మీద కూర్చుని, నీకు భయమేమో అని నా చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు, ఒడ్డుకు వచ్చేదాకా వదల్లేదు. ఆ భయం ఎవరిదో నేను చూసుకోలేదు. నాయన గురించి తెలుసు, తమ్ముడి గురించి తెలుసు, ఈయన గురించి తెలిసిన మనిషి ఈ ఇంట్లో ఒక్కతే ఉంది, ఆమెను అడగడమంటే ఆమెకు చెప్పడమే. అక్కా అంటున్నాడు వాడు. ఫోన్ పట్టుకునే వంటింటి గడప దాకా పోయాను.

"అత్తా, ఆయనకు ఈతొచ్చా?"

కొవ్వొత్తి వెలుగులో కూర్చున్న కుప్పమ్మ తల ఎత్తింది. వేళ్ళ మధ్య గింజ అలాగే ఉండిపోయింది. ఎందుకు అని అడగలేదు. నా చేతిలో వెలుగుతున్న ఫోన్‌ను చూసింది, అందులోంచి వస్తున్న హోరు విన్నది, విని, "యా వంక?" అని అడిగింది. చెప్పాను. ఆమె పెనుమూరు పక్క మనిషి, ఆ వంక ఆమెకు తెలుసు, ఆ వంక ఏ చెరువులో పడుతుందో కూడా తెలుసు.

"వచ్చు" అంది.

నా మొహం చూడకుండా గిన్నెలోకి చూస్తూ అంది. కొడుకు ఈదడం ఎప్పుడైనా చూసి చెప్తోందో, ఈ నిమిషంలోనే తీర్మానించుకుని చెప్తోందో నాకు అర్థం కాలేదు. మళ్ళీ అడిగితే ఇంకో మాట వస్తుందేమో అని భయం వేసింది. అడగలేదు. ఫోన్ చెవికి పెట్టుకున్నాను.

"వచ్చంటరా" అన్నాను. "గట్టు వెంబడే పొమ్మను."